మంచం పక్కన మెలకువ: వేలూరు వైద్యురాలు ఐడా స్కడర్ జీవితం

ప్రేమ్ బజార్ (ఖరగ్‌పూర్), మే 24: పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్నం ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన వారి సంతతి నేటికీ ఇక్కడ తెలుగు మాట్లాడుతోంది. ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లోనైనా, రైల్వే క్వార్టర్లలోనైనా వేలూరు అన్న పేరును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా దక్షిణాదికి సాగే రైళ్లలో కాట్పాడి వరకు వెళ్లి, అక్కడి నుంచి క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రికి చేరేవారు ఏటా ఎందరో ఉంటారు. ఆ సంస్థను స్థాపించిన డాక్టర్ ఐడా సోఫియా స్కడర్ 1960 మే 24న కన్నుమూశారు.

రైలు ఎక్కగలిగిన రోగం వేరు, ఎక్కలేని రోగం వేరు. ఖరగ్‌పూర్ నుంచి కాట్పాడి చేరడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. కాన్పు తరువాత ఆగని రక్తస్రావం, ఊపిరాడని ఉబ్బసం, గుండెపోటు అంతసేపు ఆగవు. అటువంటి రోగి ప్రాణం, ఆ గంటలో పక్కన ఉన్న మనిషి ఏం గమనించారు, ఏం నిర్ణయించారు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. చాలాసార్లు ఆ మనిషి నర్సు. ఐడా స్కడర్ జీవితాన్ని ఒక మహా ఆస్పత్రిని నిర్మించిన వైద్యురాలి కథగా చెప్పడం పరిపాటి. మంచం పక్కన మెలకువగా ఉండే మనిషిని తయారు చేసిన కథగా చూసినప్పుడే ఆమె కృషి పూర్తిగా అర్థమవుతుంది.

రెండు భాషల సీమలో బాల్యం

ఐడా 1870 డిసెంబర్ 9న రాణిపేటలో జన్మించారు. అప్పుడది ఉత్తర ఆర్కాడు జిల్లా. నేటి చిత్తూరు ప్రాంతం కూడా ఆ జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడే వరకు జిల్లా కేంద్రం చిత్తూరే. తమిళం, తెలుగు పక్కపక్కన వినిపించే ఆ సీమలో స్కడర్ కుటుంబం అప్పటికే రెండు తరాలుగా పనిచేస్తోంది. ఐడా తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి సింహళానికి వచ్చిన వైద్య మతప్రచారకుడు. తరువాత ఆయన మద్రాసులో పనిచేశారు. ఆయన కుమారులు నెలకొల్పిన ఆర్కాడు మిషన్ సేవలు తమిళ గ్రామాలతో పాటు తెలుగు నేలపై మదనపల్లె వరకు విస్తరించాయి. ఐడా తండ్రి రెండవ జాన్ స్కడర్ కూడా వైద్యుడే. తల్లి సోఫియా.

1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీల్చి పిప్పి చేసిన కరవు ఐడాకు తొలి జ్ఞాపకాలలో ఒకటి. రాయలసీమను, ఆర్కాడు జిల్లాలను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసిన ఆ కాలంలో, ఆకలితో వచ్చిన పిల్లలకు రొట్టె ముక్కలు అందించే పని ఆ పసిపిల్లకు అప్పగించారు. ఆ దృశ్యాలు ఆమెను భారతదేశం వైపు లాగలేదు, దూరంగా నెట్టాయి. చదువు కోసం అమెరికా వెళ్లి, మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చేరిన తరువాత, వంశంలోని మిగిలినవారిలా మిషన్ పనిలోకి రాకూడదని ఆమె గట్టిగా తీర్మానించుకున్నారు. 1890లో తల్లి జబ్బుపడటంతో తిండివనంలోని మిషన్ బంగళాకు వచ్చినప్పుడు కూడా, కొంతకాలం సాయంగా ఉండి తిరిగి వెళ్లిపోవాలన్నదే ఆమె ఆలోచన.

ఒకే రాత్రి మూడు పిలుపులు

ఆ తీర్మానాన్ని తిండివనంలో ఒక రాత్రి తలకిందులు చేసింది. మొదట ఒక బ్రాహ్మణ యువకుడు బంగళాకు వచ్చాడు. చిన్న వయసులో ఉన్న అతని భార్య ప్రసవ వేదనలో ఉంది, మంత్రసాని చేతులెత్తేసింది. ఐడా తాను వైద్యురాలిని కానని, తన తండ్రి వైద్యుడని చెప్పారు. పరపురుషుడు తన భార్యను చూడటానికి ఆచారం ఒప్పుకోదంటూ ఆ యువకుడు వెనుదిరిగాడు. కొంతసేపటికి ఒక ముస్లిం గృహస్థు అదే అవసరంతో వచ్చాడు. అతనిదీ అదే సమాధానం. ఆ తరువాత మరొక హిందూ కుటుంబం నుంచి మూడవ పిలుపు వచ్చింది. తండ్రి వస్తారని, తాను వెంట ఉండి సాయం చేస్తానని ఐడా చెప్పినా ఫలితం లేకపోయింది.

తెల్లవారేసరికి ఊరిలో చావు డప్పు వినిపించింది. ఏమైందో కనుక్కోమని పనివాడిని పంపగా, ముగ్గురు స్త్రీలూ మరణించారని తెలిసింది. ఆ రోజే ఆమె వైద్యం చదవడానికి అమెరికా వెళ్తానని తల్లిదండ్రులకు చెప్పారు.

ఈ సంఘటనను సాధారణంగా ఒక దైవ పిలుపుగా వర్ణిస్తారు. వైద్య దృష్టితో చూస్తే అందులో మరొక విషయం ఉంది. ఆ ముగ్గురి భర్తలు తలుపు తట్టే వేళకే చాలా ఆలస్యమైంది. కాన్పు మొదలైనప్పుడు, అది సజావుగా సాగడం లేదని తొలి సూచన కనిపించినప్పుడు, దానిని గుర్తించగల మనిషి ఆ ఇళ్లలో లేరు. మంత్రసాని అనుభవం సాధారణ కాన్పులకు సరిపోయేది. ఏది సాధారణం కాదో, ఏ ఘడియలో సాయం కోరాలో చెప్పే శిక్షణ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. స్త్రీ వైద్యురాలు లేకపోవడం ఒక లోటు. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే కన్ను లేకపోవడం రెండవ లోటు. ఐడా జీవితంలో మొదటి సగం తొలి లోటును తీర్చడానికి, రెండవ సగం మలి లోటును తీర్చడానికి సాగింది.

ఒక్క మంచంతో ఆరంభం

1895లో ఐడా ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. స్త్రీలకు ప్రవేశం కల్పించిన కార్నెల్ వైద్య కళాశాలకు చివరి సంవత్సరానికి మారి, 1899లో పట్టా పుచ్చుకున్నారు. ఓడ ఎక్కేముందు వేలూరులో మహిళల ఆస్పత్రి కోసం విరాళాలు సేకరించే పని ఆమెపై పడింది. న్యూయార్క్‌కు చెందిన బ్యాంకు యజమాని రాబర్ట్ షెల్, మరణించిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరిట 10 వేల డాలర్లు ఇచ్చారు.

1900 జనవరి 1న ఆమె వేలూరు చేరారు. తెలుగువారు రాయవేలూరు అని పిలుచుకున్న కోట పట్నం అది. తండ్రి దగ్గర కొన్నేళ్లు పని నేర్చుకోవాలన్న ఆశ అయిదు నెలలు కూడా నిలవలేదు. ఆ ఏడాది మే నెలలో ఆయన మరణించారు. 29 ఏళ్ల వైద్యురాలు, బంగళాలో ఒక చిన్న గది, అందులో ఒక మంచం మిగిలాయి. కిటికీ దగ్గర నిలబడి మందులిచ్చేవారు. రెండేళ్లలో సుమారు 5 వేల మంది రోగులను చూశారు. 1902లో 40 మంచాల మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరుచుకుంది.

మంచాలు పెరగడంతో కొత్త చిక్కు వచ్చింది. శస్త్రచికిత్స చేసేది ఆమే, కాన్పులు చూసేది ఆమే, పొరుగూళ్ల పిలుపులకు వెళ్లేదీ ఆమే. ఒక రోగి దగ్గర ఉన్నప్పుడు మిగిలిన 39 మంచాల దగ్గర ఏం జరుగుతుందో తెలుసుకునే వీలు లేదు. తిండివనంలో మూడు ఇళ్లలో ఒకే రాత్రి జరిగినది, ఆస్పత్రి కప్పు కిందే మళ్లీ జరిగే ప్రమాదం ఉంది. వైద్యురాలు ఎంత నిపుణురాలైనా ఒక రోగి దగ్గర గడిపేది కొద్ది నిమిషాలు. మిగిలిన ఇరవై మూడు గంటల చిల్లర ఎవరిది అన్న ప్రశ్నకు ఆమె వెతుక్కున్న జవాబు నర్సింగ్ పాఠశాల.

నర్సుల బడి, 1909

వేలూరులో నర్సింగ్ పాఠశాల 1909లో ప్రారంభమైంది. అమెరికా నుంచి వచ్చిన శిక్షిత నర్సు డీలియా హౌటన్ ఆ బాధ్యతను చేపట్టారు. వైద్య పాఠశాల రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. వేలూరులో వైద్యుల కంటే ముందు నర్సులనే తయారు చేశారన్నది చాలామంది గమనించని విషయం.

ఆ రోజుల్లో ఆడపిల్లను నర్సు పనికి పంపడం గౌరవంగా ఉండేది కాదు. రక్తం, మలమూత్రాలు, పురుటి మైల తాకే పని కనుక దానిని తక్కువ కులాల పనిగా చూసేవారు. రాత్రిపూట ఇల్లు విడిచి ఉండటం మరొక అభ్యంతరం. చదువుకున్న కుటుంబాలకు అది పనిమనిషి ఉద్యోగంలా కనిపించేది. ఆ చూపును మార్చాలంటే ఆ పని చేతులతో పాటు బుద్ధితోనూ చేసే పని అని నిరూపించాలి. జ్వరమానిని చదవడం, నాడిని గడియారం చూసి లెక్కించడం, లెక్కను కాగితంపై నమోదు చేయడం, నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చడం నేర్చిన స్త్రీ ఇక సేవకురాలు కాదు, సాక్షి. వైద్యుడు లేని వేళ రోగి శరీరం ఏం చెప్పిందో వినగల ఒకే ఒక్క మనిషి.

తెలుగు నేలపైనా ఆ కాలంలోనే ఇటువంటి ప్రయత్నాలు సాగాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ మహిళల ఆస్పత్రి నెలకొల్పారు. నేటికీ అది కుగ్లర్ ఆస్పత్రిగా జనం నోట నిలిచి ఉంది. మదనపల్లెలో ఆర్కాడు మిషన్ వైద్యశాల వెలసింది. గోషాలో ఉండే స్త్రీలకు స్త్రీ చేతి వైద్యం అందించాలన్నది వీటన్నిటి ఉమ్మడి లక్ష్యం.

ఆస్పత్రికి రాలేని వారి కోసం ఐడా రోడ్డు పక్క వైద్యం మొదలుపెట్టారు. వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో వారానికోసారి చెట్ల నీడన ఆగి, కాచుకుని ఉన్న జనానికి పుండ్లు కడిగి, కళ్లకు మందు వేసి, పళ్లు పీకి, అవసరమైన వారిని బండిలో ఆస్పత్రికి తీసుకువచ్చేవారు. మొదట ఎడ్లబండి, ఆ తరువాత చిన్న ప్యుజో మోటారు కారు. ఒక చెట్టు కింద వంద మంది కూడినప్పుడు, కాలం కొద్దిగా ఉన్నప్పుడు, వరుసలో ముందు నిలబడ్డవారిని ముందు చూడటమా, లేక వరుస చివర చాపపై పడుకుని ఉన్నవారిని ముందు చూడటమా అన్న ప్రశ్న తప్పదు. నేటి అత్యవసర విభాగాల్లో రోగులను తీవ్రతను బట్టి వేరుచేసే పద్ధతికి మూలమైన ప్రశ్న కూడా అదే.

ఎవరిని ముందు చూడాలి

నర్సు నిర్ణయశక్తి అన్నది ఏమిటో నేటి వార్డులో ఒక రాత్రి డ్యూటీని ఊహిస్తే స్పష్టమవుతుంది. నలుగురు రోగులు, ఒక నర్సు. మొదటి మంచంపై కాలు విరిగినవాడు నొప్పితో కేకలు పెడుతున్నాడు. రెండవ మంచం దగ్గర బంధువులు సెలైన్ సీసా అయిపోయిందని పదేపదే పిలుస్తున్నారు. మూడవ మంచంపై సాయంత్రం శస్త్రచికిత్స అయిన వృద్ధుడు గాఢంగా నిద్రపోతున్నాడు. నాలుగవ మంచంపై గంట క్రితం కాన్పు అయిన యువతి, మాట్లాడకుండా పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఆమె బీపీ మామూలుగానే ఉంది.

గట్టిగా వినిపించే గొంతు వైపు కాళ్లు కదలడం మానవ సహజం. శిక్షణ పొందిన నర్సు ఆలోచన వేరే దారిలో నడుస్తుంది. కేక పెట్టేవాడికి శ్వాసమార్గం తెరుచుకునే ఉంది, స్పృహ ఉంది. నొప్పి తగ్గించాలి, కానీ అతను ఈ అయిదు నిమిషాల్లో చనిపోడు. అయిపోయిన సెలైన్ గొట్టాన్ని మూసి వేచి ఉంచవచ్చు. నిద్రపోతున్న వృద్ధుడిని పేరుపెట్టి పిలవాలి. నొప్పికి ఇచ్చిన మత్తుమందు ప్రభావంతో శ్వాస మందగించి ఉండవచ్చు. పెద్దవారిలో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉండాలి. ఎనిమిదికి పడితే అది నిద్ర కాదు, ప్రమాదం. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అన్న వరుస అన్నిటికంటే ముందు వస్తుంది. వృద్ధుడు పలికి, శ్వాస సరిగా ఉంటే, తరువాతి అడుగు ఆ యువతి దగ్గరికే.

ఆమె మౌనమే అసలు హెచ్చరిక. గర్భంతో ఉన్నప్పుడు స్త్రీ శరీరంలో రక్తం దాదాపు 40 శాతానికి పైగా పెరుగుతుంది. అందువల్ల కాన్పు తరువాత చాలా రక్తం పోయినా శరీరం కొంతసేపు లోటును కప్పిపుచ్చుతుంది. ముందు నాడి వేగం పెరుగుతుంది, శ్వాస వేగమవుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కలత చెందుతుంది లేదా మగతగా మారుతుంది. బీపీ పడిపోవడం చివరి దశ. బీపీ బాగుందన్న ఒక్క అంకెను నమ్మి ముందుకు సాగితే, మరుసటి అరగంటలో తల్లి చేజారవచ్చు. నర్సు దుప్పటి తొలగించి రక్తం ఎంత పోయిందో చూస్తుంది. పొట్టపై చేయి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో పరిశీలిస్తుంది. మెత్తగా ఉంటే అక్కడే నిలబడి మర్దన చేస్తూ, రోగిని వదలకుండా మరొకరి ద్వారా వైద్యుడిని పిలిపిస్తుంది. సెలైన్ సూది సిద్ధం చేస్తుంది. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్‌ను అందుబాటులో ఉంచుతుంది. తిండివనంలో ఆ రాత్రి ఆ మూడు ఇళ్లలో లేనిది ఇటువంటి కన్ను, ఇటువంటి చేయి.

ఈ ఆలోచనను ఆధునిక వైద్యం తరువాతి కాలంలో పద్ధతిగా మలిచింది. 1990లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ సమీపంలో లివర్‌పూల్ ఆస్పత్రి, వార్డులో రోగి విషమిస్తే వెంటనే చేరుకునే అత్యవసర వైద్య బృందాన్ని ఏర్పాటు చేసింది. అటువంటి బృందాలను పిలవడానికి పెట్టిన ప్రమాణాలలో, అంకెలతో పాటు రోగి గురించి నర్సుకు కలిగిన ఆందోళన కూడా చేరింది. 2012లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్, ఉష్ణోగ్రత, రక్తపోటు, నాడి, స్పృహ అనే ఆరు కొలతలతో ముందస్తు హెచ్చరిక పట్టికను ప్రవేశపెట్టింది. కొలతలు పట్టికలో ఉన్నా, వాటిని సరిగా లెక్కించేదీ, మారిన అంకెకు అర్థం వెతికేదీ, నిద్రలో ఉన్న వైద్యుడిని లేపడానికి జంకనిదీ మంచం పక్కన ఉన్న మనిషే. శ్వాసను నిండు నిమిషం లెక్కించకుండా అలవాటుగా ఒకే అంకె రాసేస్తే పట్టిక అంతా వృథా.

సంస్థకే ప్రాణాపాయం

నర్సుల బడి నిలదొక్కుకున్నాక ఐడా మహిళల వైద్య పాఠశాలకు పూనుకున్నారు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారులు దీనిపై పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఆడపిల్లలు చేరరని అనుకున్నారు. 1918లో పాఠశాల తెరిచిన ఏడాదే 151 దరఖాస్తులు వచ్చాయి. స్థలం లేక చాలామందిని వెనక్కి పంపవలసి వచ్చింది. 1922లో తొలి బృందంలోని 14 మంది వైద్య పరీక్షలో నెగ్గి బయటకు వచ్చారు. 1920ల ఆరంభంలో ఐడా అమెరికా అంతా తిరిగి విరాళాలు కూడగట్టారు. ఆసియాలోని మహిళా కళాశాలల కోసం అక్కడి మహిళలు 20 లక్షల డాలర్లు సేకరిస్తే, రాక్‌ఫెల్లర్ నిధి మరో 10 లక్షలు ఇచ్చేందుకు ముందుకు వచ్చింది. వేలూరు కొత్త ఆస్పత్రి, కళాశాల ప్రాంగణం ఆ సొమ్ముతో రూపుదిద్దుకున్నాయి.

1930ల చివర్లో మద్రాసు ప్రభుత్వం పాత వైద్య డిప్లమా చదువులకు స్వస్తి చెప్పి, విశ్వవిద్యాలయ పట్టా ఉన్నవారే వైద్యులు కావాలని నిర్ణయించింది. ఆ ప్రమాణానికి తగిన ఆచార్యులు, ప్రయోగశాలలు, మంచాలు వేలూరులో లేవు. సంస్థ మూతపడే స్థితి వచ్చింది. అప్పటికి ఐడా వయసు డెబ్బైకి చేరువవుతోంది. బయటపడే మార్గం ఒకటి కనిపించింది: పురుష విద్యార్థులకూ తలుపు తెరిచి, అన్ని మిషన్ల సాయంతో ఉమ్మడి కళాశాలగా మారడం.

మహిళల కోసమే పుట్టిన సంస్థలో పురుషులకు చోటివ్వడం ఆమె చిరకాల మిత్రులు కొందరికి ద్రోహంలా తోచింది. స్త్రీల పేరు చెప్పి స్త్రీలు ఇచ్చిన విరాళాలతో కట్టిన భవనాలవి. వారి అభ్యంతరం తేలిగ్గా తీసివేయదగినది కాదు. ఐడాకూ అది సులువైన నిర్ణయం కాదు. విషమ స్థితిలో ఉన్న రోగి విషయంలో వేసుకునే ప్రశ్ననే ఆమె తన సంస్థ విషయంలోనూ వేసుకోవలసి వచ్చింది: ముందు ఏది కాపాడాలి, ఏది తరువాత చూసుకోవచ్చు. రూపం మారినా ఆస్పత్రి బతకాలన్న వైపు ఆమె మొగ్గారు. ఆ నిర్ణయానికి వెలగా కొన్ని పాత స్నేహాలు చెదిరిపోయాయి. 1942లో విశ్వవిద్యాలయ పట్టా చదువు మహిళలతో ఆరంభమైంది; 1947లో పురుషులు చేరారు.

ఈ రెండు తేదీల నడుమ, 1946లో, వేలూరు నర్సింగ్ పాఠశాల కళాశాలగా ఎదిగి మద్రాసు విశ్వవిద్యాలయ పట్టా కోర్సును ప్రారంభించింది. అదే ఏడాది ఢిల్లీలోనూ నర్సింగ్ కళాశాల వచ్చింది. దేశంలో నర్సింగ్‌కు విశ్వవిద్యాలయ గౌరవం దక్కిన తొలి చోట్లు ఈ రెండే. 37 ఏళ్ల కిందట పనిమనిషి పనిగా చూసిన వృత్తి శాస్త్రంగా గుర్తింపు పొందింది.

విశాఖ వైద్యురాలి సారథ్యం

ఐడా 1946లో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆ తరువాత కొద్ది కాలానికే సంస్థ పగ్గాలు ఒక తెలుగు మహిళ చేతికి వచ్చాయి. విశాఖపట్నంలో 1890లో జన్మించిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ వేలూరు సంస్థకు నాయకత్వం వహించిన తొలి భారతీయురాలు. ప్రసూతి వైద్యంలో నిపుణురాలైన ఆమె ప్రభుత్వ మహిళా వైద్య సేవలో దీర్ఘకాలం పనిచేసి, ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వ్యవహరించారు. పనిచేసిన చోటల్లా నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇవ్వడంపై శ్రద్ధ చూపారు. 1961లో ఆమెను పద్మశ్రీ వరించింది. 1978లో ఆమె మరణించారు. అమెరికా మిషనరీ కుటుంబం మొదలుపెట్టిన పని భారతీయుల చేతుల్లో కొనసాగడానికి ఆమె సారథ్యం నాంది.

విశ్రాంత జీవితాన్ని ఐడా కొడైకెనాల్‌లోని కొండ మీది ఇంట్లో గడిపారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. విద్యార్థులు, నర్సులు ఆమెను ఆంట్ ఐడా అని పిలిచేవారు. వయసు మీరినా టెన్నిస్ ఆడటం ఆమెకు ఇష్టమైన వ్యాపకంగా నిలిచింది. 1960 మే 24న, 89 ఏళ్ల వయసులో, కొడైకెనాల్‌లోనే కన్నుమూశారు. మరుసటి ఏడాదే వేలూరులో గుండెను తెరిచి చేసే శస్త్రచికిత్స జరిగింది. దేశంలో ఆ రంగంలో అది తొలి అడుగులలో ఒకటి. అంతటి శస్త్రచికిత్స ఫలితం కత్తి పట్టిన చేతిపై ఎంత ఆధారపడుతుందో, ఆ తరువాతి రాత్రి మంచం పక్కన నాడి లెక్కించే చేతిపైనా అంతే ఆధారపడుతుంది.

ఐడా స్కడర్ కట్టిన ఆస్పత్రికి దేశం నలుమూలల నుంచి రైళ్లు చేరుతున్నాయి. ఆమె మొదలుపెట్టిన నర్సుల బడి మాత్రం ఎదురు దిశలో ప్రయాణించవలసినది. అక్కడా, అటువంటి ఇతర కళాశాలల్లోనూ చదివిన నర్సులు ఊరూరా ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీల్లో ఉన్నారు. ఖరగ్‌పూర్‌లోనైనా, శ్రీకాకుళంలోనైనా, మదనపల్లెలోనైనా, రైలు ఎక్కలేని రోగికి దక్కే వేలూరు వారే. వారి మాటకు వార్డులో ఎంత విలువ ఉంటుంది, ఒక్కొక్కరిపై ఎన్ని మంచాల భారం ఉంటుంది, నాడి పెరిగిందని అర్ధరాత్రి ఫోను చేస్తే అవతలి వైపు ఎంత త్వరగా స్పందిస్తారు అన్నవి చిన్న విషయాలు కావు. తిండివనంలో ముగ్గురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయిన నాటి నుంచి నేటి వరకు, విషమ రోగి బతుకు తేలేది వాటి మీదనే.